చెక్క వెనక గోడ

"టీబీ కాదమ్మా, కఫం పరీక్షలో ఏమీ రాలేదు" అని ఛాతీ డాక్టరమ్మ అనీ అనకముందే బాలకృష్ణయ్య కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించాడు. దండం డాక్టరమ్మకు కాదు, ఆమె వెనక గోడమీది క్యాలెండరులో ఉన్న వెంకటేశ్వరస్వామికి. ప్రొద్దుటూరు బజారులో మీసాలు రాకముందు నుంచీ చీరల కొట్లో కూర్చున్న మనిషి, ఎవరికి ఎప్పుడు దండం పెట్టాలో తెలియనివాడేమీ కాదు. ఆ పూట మాత్రం ఆయనకు డాక్టరమ్మ కంటికి ఆనలేదు. పరీక్ష కాగితం వచ్చేదాకా ఆయన టీబీయేనని భయపడుతూనే ఉన్నాడు.

పక్క కుర్చీలో ఆయన భార్య కన్యకాపరమేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంది. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక ఇంటా బయటా ఆమె కన్యకమ్మ అయింది. ఏడాదిగా ఆమెకు ఈ దగ్గు. మాట మొదలుపెడితే సగంలోనే దగ్గు వచ్చి తెంపేసేది. నాలుగు అడుగులు గబగబా వేస్తే ఆయాసం, పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు.

"కూర్చోండి శెట్టి గారూ" అంది డాక్టరమ్మ. "టీబీ లేదన్నాను, ఏమీ లేదనలేదు. అమ్మా, ఈ ఏడాదిలో మీకు ఎప్పుడైనా దగ్గు తగ్గిందా?"

"మా చెల్లెలిది జమ్మలమడుగు. ఆడికి పోతే తగ్గుతాది" అని కన్యకమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "ఈడికి వస్తే మళ్ళీ మొదులు."

ఆ మాటకు బాలకృష్ణయ్య మనసు చురుక్కుమంది. జమ్మలమడుగులో దగ్గని మనిషి తన ఇంట్లో దగ్గుతుందంటే ఆయనకు తోచిన అర్థం ఒక్కటే. ఈ ఇంట్లో ఆమెకు సుఖం లేదు. కోడలు మేఘన ఏమైనా అన్నదేమోనని కొన్నాళ్ళు ఆ పిల్లను అనుమానంగా చూశాడు. మేఘన అత్తను ఒక మాట అనగా ఎవరూ వినలేదు. ఇక మిగిలింది తానే. పక్కనున్న పాత్రల అంగడాయన ఒకనాడు "ఏం శెట్టీ, ఆయమ్మకు నీ గాలి పడలేదంటనే" అని నవ్వితే, తానూ పైకి నవ్వాడు గానీ ఆ పూట అన్నం సహించలేదు.

డాక్టరమ్మ మాత్రం ఆ మాట విని తల ఆడించింది. "నేననుకున్నదే. ఆమెకు పడనిదేదో మీ ఇంటి గాలిలో ఉంది. చాలాసార్లు అది చెమ్మ పట్టిన గోడల మీద పెరిగే బూజు అయివుంటుంది. కంటికి కనిపించని పొడిలాగా గాలిలోకి లేస్తుంది. పీల్చినకొద్దీ ఊపిరితిత్తులు వాస్తాయి. ఇప్పుడైతే ఆ వాపు తగ్గుతుంది. ఇట్లే పీలుస్తూ పోతే గట్టిపడిపోతాయి. అప్పుడు నేను మందు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే."

"బూజా? మన ఊర్లోనా?" బాలకృష్ణయ్యకు నవ్వొచ్చింది. "ప్రొద్దుటూరు ఎండలకు మనుషులే వడియాలయితాండారు డాక్టరమ్మా, ఇంగ గోడలకు తడి యాడిది?"

"మా ఇంటికీ అదే ఎండ. అయినా వచ్చింది" అని ఆమె ఒక ఫోన్ నంబరు ఇచ్చింది. "కుసుమ అని ఇంజనీరు. ఇళ్ళలో చెమ్మ ఎక్కడుందో పరీక్ష చేస్తుంది. మనిషిని నాకు చూపించారు, ఇంటిని ఆమెకు చూపించండి. అదేమిటో దొరికి, పోయేదాకా అమ్మను ఆ ఇంట్లో పెట్టొద్దు."

కన్యకమ్మ ఇంటికి రానే లేదు. మేఘన బస్టాండుకు బట్టల సంచి తెచ్చిస్తే, అది తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. కిటికీ దగ్గర కూర్చుని ఏదో చెప్పబోయింది. దగ్గు రావడంతో చెయ్యి ఊపి ఊరుకుంది. బస్సు వెళ్ళిపోయాక బాలకృష్ణయ్యకు అర్థమైంది, వదిలింది సగం భయమేనని.

ఇంటికొచ్చి ఆయన తనకు తెలిసిన వైద్యమంతా చేశాడు. సాంబ్రాణి మాన్పించాడు. గోడమీది పిల్లిని తరిమాడు. వంటింటి అటక దింపించి కడిగించాడు. మేఘన కర్టెన్లన్నీ ఉతికి ఆరేసింది. చేసిందంతా చేశాక, పని జరిగిందో లేదో చెప్పవలసిన దగ్గు కాస్తా జమ్మలమడుగులో ఉంది. ఇంట్లో ఇంకెవరికీ దగ్గు లేదు. పైన మేడమీద ఉండే కొడుకు రాఘవేంద్రప్రసాద్‌కు గానీ, మేఘనకు గానీ, వసారాలో మంచమేసుకుని పడుకునే తనకు గానీ ఏమీ లేదు. ఇక దిక్కులేక కుసుమకు ఫోన్ చేశాడు.

కుసుమ స్కూటర్ మీద వచ్చింది. పులివెందుల పక్క పల్లెలో గొర్రెలు మేపుకుని, ఇప్పుడు వాటితోపాటు చీనీ బత్తాయి తోట కూడా పెట్టుకున్న యల్లయ్య కూతురు. ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదివింది. సంచిలోంచి టార్చి, గోడకు ఆనిస్తే తడి ఎంతుందో అంకెల్లో చూపించే చిన్న మీటరు తీసింది. మొహమాటం అన్నది ఆ సంచిలో లేదు.

"శెట్టి మామా, బాత్రూములు, వంటిల్లు, మేడమీద ట్యాంకు, అన్నీ చూస్తా. ఆడొద్దు ఈడొద్దు అనొద్దు."

"చూడుమ్మా, నీ ఇల్లే అనుకో."

చూసింది. సింకు కింద తల పెట్టింది. ట్యాంకు దగ్గరికి ఎక్కి దిగింది. పూజగదిలో చెప్పులు విప్పి నిలబడి గోడలకు మీటరు ఆనించింది. అన్నీ పొడి గోడలే. ప్రతి గోడ దగ్గరా బాలకృష్ణయ్య "నేను చెప్పలే?" అన్నట్టు కోడలి వైపు చూశాడు. చివరికి వసారా పక్కనున్న గది ముందు కుసుమ ఆగింది. తాళం వేసి ఉంది.

"ఇది?"

"అది సరుకు గది. ఆడేం లేదు. చీరలు, అంతే."

"ఆయమ్మ పడుకునేది యాడ?"

బాలకృష్ణయ్య తాళంచెవులు బొడ్లో దోపుకున్నాడు. మేఘన తలుపు వంక చూసి "ఆ గదిలోనే అక్కా" అంది.

అది నిజమే. ఆ ఇంట్లో అన్నిటికంటే మంచి గది అదే అని బాలకృష్ణయ్య గట్టి నమ్మకం. కొట్లో పట్టని పట్టుచీరలన్నీ అక్కడే అరల్లో ఉంటాయి. వెలుగు తగిలితే రంగు వెలుస్తుందని దాని కిటికీ ఏనాడూ తెరవనివ్వడు. పట్టు చల్లగా ఉండాలని కింది అంతస్తులో ఒక్క ఆ గదికే ఏసీ పెట్టించాడు. మోకాళ్ళ నొప్పులతో కన్యకమ్మ మేడ ఎక్కలేనంటే, తన సరుకుకు ఇచ్చిన గదే ఆమెకూ ఇచ్చాడు. ఆయన లెక్కలో భార్యకు అంతకు మించిన గౌరవం లేదు. ఏడాదికి పైగా ఆమె అక్కడే పడుకుంది, పట్టుచీరలతో సమానంగా చల్లగా.

"ఆమె పడుకునే గది తప్ప ఇల్లంతా చూపించినారా మామా?" కుసుమ నవ్వుతూనే అడిగింది. "తాళం తీయండి."

"ఇప్పుడు కుదరదు పాపా. శ్రావణమాసం వస్తాంది. ముహూర్తాలన్నీ మీద పడినాయి. సరుకు కదిలిస్తే సర్దడానికే వారం పడతాది."

పైకి చెప్పింది అది. లోపల ఉన్న భయం వేరు. బాలకృష్ణయ్య గదిలో బూజు ఉందట అన్న మాట ఒక్కటి బజారులో పడిందంటే చాలు. పెళ్ళి చీర కొనడానికి వచ్చినవాళ్ళు ప్రతి చీరా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు. చేతితో తడిమి జరీ మంచిదో కాదో చెప్పగలడని పేరున్న మనిషి, ఆ పేరు పోతే బజారులో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి? ఇంత ఎండ ఊర్లో, ఏసీ గదిలో, తలుపులు బిగించిన చోట బూజు ఎట్లా వస్తుందని ఆయన తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు కూడా.

కుసుమ సంచి భుజాన వేసుకుంది. "సరే మామా. తెరవాలనిపించిన దినం ఫోన్ చేయండి. ఒక మాట చెప్పి పోతా. మా నాయన దొడ్డిలో నేల తడిగా ఉంటే ఆ రాత్రి గొర్రెలను దాంట్లోకి తోలడు, దగ్గొస్తాదని. మీరు మనిషిని పండబెట్టి గదికి తాళమేస్తాండారు."

ఆ పిల్ల స్కూటర్ సందు తిరిగేదాకా బాలకృష్ణయ్య రుసరుసలాడుతూ నిలబడ్డాడు. ఆడపిల్లకు అంత నోరేమిటన్నాడు. గొర్రెలకూ తనకూ పోలికేమిటన్నాడు. మేఘన విని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఆయనకు ఇంకా కోపం తెప్పించింది.

జమ్మలమడుగు నుంచి కబుర్లు మాత్రం రోజూ బాగుండేవి. కన్యకమ్మ దగ్గడం లేదట. చెల్లెలితో కలిసి మార్కెట్టుకు నడిచి వెళ్ళొచ్చిందట. ఈ ముక్క వింటే సంతోషించాలో ఏడవాలో తెలిసేది కాదు ఆయనకు. సంతోషమే ఎక్కువ, అందులో అబద్ధం లేదు. కానీ ఫోన్ పెట్టేశాక ఇల్లు బావురుమనేది.

ఒక ఉదయం స్నానం చేసి పూజగదిలోకి వెళ్ళేసరికి మేఘన కింద కూర్చుని దేవుడి పటాలు తువ్వాలులో చుడుతోంది. వాసవమ్మ పటం, కన్యకమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న వెండి కుందులు, ఆమె రోజూ పువ్వు పెట్టే చిన్న ఇత్తడి గణపతి. అరలో అవి ఉండే చోట పసుపు కుంకుమ మరకలు మాత్రం ఉన్నాయి.

"ఏందిమ్మా ఇది?"

"అత్త పంపమనింది మామా. రాత్రి ఫోన్ చేసింది." మేఘన తలెత్తలేదు. "ఇంగ ఆడనే ఉండాల్సి వచ్చేటట్టుంది, చేతులు ఊరుకోవు, పూజైనా చేసుకుంటా అనింది. మీకు చెప్తే బాధపడతారని నాకు చెప్పింది."

బాలకృష్ణయ్య గడపమీదే కూర్చుండిపోయాడు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు పుట్టింటికి పోతారు, కూతురింటికి పోతారు, నెలల తరబడి ఉంటారు. చీరలు తీసుకుపోతారు, నగలు తీసుకుపోతారు. దేవుళ్ళను మాత్రం ఎవరూ తీసుకుపోరు. దేవుళ్ళు ఎక్కడుంటే ఇల్లు అక్కడ. కన్యకమ్మ కోపంతో ఈ మాట అని ఉంటే ఆయన పోట్లాడి ఉండేవాడు. ఆమె కోపపడలేదు. భర్తకు ఇబ్బంది కలగకుండా సర్దుకుంటోంది. అదే ఆయన భరించలేకపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోడలి ముందే.

"ఆ మూట విప్పుమ్మా" అన్నాడు. "ఎవరిని యాడ పెట్టినావో ఆడనే పెట్టు. నేను ఆ పిల్లకు ఫోన్ చేస్తా."

"ఏ పిల్లకు?"

"ఇంగ ఏ పిల్లకు? ఆ గొర్రెల పిల్లకే!"

కుసుమ మధ్యాహ్నానికల్లా వచ్చింది. ఈసారి అందరికీ మాస్కులు ఇచ్చి, అవి పెట్టుకున్నాకే తాళం తీయనిచ్చింది. తలుపు తెరవగానే చల్లటి గాలి, దానితోపాటు ఆ గదికి అలవాటైన వాసన. కలరా ఉండలు, కొత్త పట్టు, గంజి. బాలకృష్ణయ్య మాస్కు కాస్త కిందికి లాగి పీల్చాడు. ఆయనకు అది పుట్టినప్పటి నుంచీ ఎరిగిన వాసన.

"ఏమన్నా వస్తాందా వాసన?" అన్నాడు.

"నాకు వస్తాంది. మీకు రాదులే మామా, దాంట్లోనే పుట్టినారు మీరు" అని కుసుమ మంచం తలవైపు వెళ్ళింది. అక్కడ గోడ సగం ఎత్తు వరకు నున్నటి చెక్క పలకలు కొట్టి ఉన్నాయి. వాటికి ఆనించి చీరల అర. "ఈ చెక్క ఏంటికి కొట్టించినారు?"

"అదా? ఆడ గోడమీద చిన్న మరక పడింది. చూసేవాళ్ళకు బాగుండదని నేనే చెప్పి చేయించినా" అన్నాడు బాలకృష్ణయ్య. ఆ పని తన తెలివికి గుర్తని ఇప్పటికీ ఆయన అభిప్రాయం.

చీరల కొట్లలో ఒక పద్ధతి ఉంది. చీర అంచున ఎక్కడైనా మరక పడితే, మడత మార్చి ఆ మరక లోపలికి పోయేట్టు పెడతారు. కొనేవాళ్ళను మోసం చేయడానికి కాదు, పరిచినప్పుడు మరక చూపించి, చెప్పే అమ్ముతారు. అరలో ఉన్నంతసేపు మాత్రం కంటికి ఇంపుగా ఉండాలి. జీవితమంతా ఆ పని చేసిన చెయ్యి, గోడమీద మరక కనపడగానే గోడకూ అదే చేసింది. చీరమీది మరక ఎన్నాళ్ళున్నా అంతే ఉంటుంది, పెరగదు. గోడది అట్లా కాదని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

కుసుమ మీటరును చెక్కకూ గోడకూ కలిసే చోట ఆనించింది. అంతవరకు ఇల్లంతా నోరు మూసుకుని ఉన్న మీటరు కీచుమని అరిచింది. ఆమె కొంచెం పక్కకు జరిపింది. అక్కడా అరిచింది. మేఘన బాలకృష్ణయ్య వైపు చూడలేదు. ఆ సమయంలో అదే మర్యాద.

చెక్క కొట్టిన వడ్రంగి నయీంనే పిలిపించారు. అతను ఉలి సందులో పెడుతూ "మీరు కొట్టమంటే కొట్టినా శెట్టీ, మళ్ళీ నామీద పెట్టొద్దు" అని ముందే చెప్పేశాడు. మేకులు కిర్రుమంటూ ఊడాయి. మొదటి పలక వచ్చేసింది.

గోడ నల్లగా ఉంది. మరక అనుకున్నది ఇప్పుడు మంచం పొడుగునా పాకింది. నల్లటి చుక్కలు చుక్కలుగా మొదలై, మధ్యలో ముద్దగా, అంచుల్లో పచ్చగా నూగులాగా. ఊడిన పలక వెనకవైపూ అంతే. కన్యకమ్మ దిండు ఉండేది సరిగ్గా దాని ఇవతల, చెక్కకు ఆనుకుని. ఈసారి మాస్కు ఉన్నా బాలకృష్ణయ్యకు వాసన తెలిసింది. తడిసిన గోనెసంచి వాసన. పట్టూ కలరా ఉండలూ కలిపి ఇన్నాళ్ళూ దాన్ని ఆయన ముక్కుకు తెలియనివ్వలేదు.

ఆయన పక్కనున్న చీరల అర కింది వరస నుంచి ఒక చీర లాగాడు. ప్లాస్టిక్ కవరు చిరిగిన చీర. మడత విప్పితే వంగపండు రంగుమీద తెల్లటి నూగు. దాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి చీర విషయం ఆలోచించడం లేదు. ఏడాదిపాటు, ప్రతి రాత్రీ, ఆమె తల ఇక్కడ.

"నేనే పండబెట్టినా పాపా" అన్నాడు. "మంచి గది అని నేనే పండబెట్టినా."

కుసుమ టార్చి ఆర్పింది. ఎప్పుడూ గరుకుగా మాట్లాడే పిల్ల గొంతు ఈసారి మెత్తబడింది. "మామా, దొరికింది. అది చూసుకోండి ముందు. నేను చూసిన ఇండ్లలో సగం ఇండ్లకు ఇట్ల దొరకదు. దగ్గు యాడినుంచి వస్తాందో తెలీక మందులు మింగుతానే ఉంటారు."

దొరికింది. ఆ మాట చెవిలో పడ్డాక బాలకృష్ణయ్య చేతిలోని చీర కింద పడేసి గోడ దగ్గరికి నడిచాడు. ఆమెకు పడనిది ఈ గోడ. తాను కాదు. తన గాలి కాదు. ఇంత నల్లటి, ఇంత అసహ్యమైన గోడను చూసి సంతోషించిన మనిషి ప్రొద్దుటూరు మొత్తంమీద ఆయన ఒక్కడే అయివుంటాడు.

"మరి మాకెవరికీ ఎందుకు రాలేదక్కా?" అని మేఘన అడిగింది.

"మీరు ఈడ పడుకోలే గదా. అదీగాక అందరి ఒళ్ళు ఒకటి కాదు. ఒకరికి పడేది ఇంకొకరికి పడదు."

తడి ఎక్కడిదో తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. సరిగ్గా ఆ గోడమీదే మేడమీది బాత్రూము ఉంది. గోడలో వేసిన గీజరు గొట్టం అతుకు దగ్గర సన్నగా కారుతోంది. బొట్టు బొట్టుగా కారిన నీళ్ళు గోడలోంచే కిందికి దిగాయి. కిటికీ మూసి, ఏసీ వేసి, చెక్క బిగించిన గదిలో ఆ తడికి బయటికి పోయే దారి లేదు. ఊర్లో ఎంత ఎండ కాస్తేనేం, ఆ గదిలోకి ఎండను రానిచ్చిందెవరు?

బాలకృష్ణయ్యకు తొందర. రేపే సున్నం కొట్టించేస్తానన్నాడు. కుసుమ ఒప్పుకోలేదు.

"రంగేస్తే మళ్ళీ మొలుస్తాది. ముందు నీళ్ళు ఆగాల. తర్వాత ఆ గార మొత్తం కొట్టేయాల. గోడ ఎండాల. నేనొచ్చి మీటరు పెట్టి చూసి సరే అన్నాకనే కొత్త గార, సున్నం. చెక్క, పరుపు, దిండు మళ్ళీ లోపలికి రాకూడదు. కొట్టేవాళ్ళు మాస్కు లేకుండా కొట్టొద్దు. ఇంటి తలుపులకు దుప్పట్లు కట్టండి, ఆ దుమ్ము పక్క గదులకు పోకుండా."

"అట్లనే కానీ" అన్నాడు. ఆయన ఒక ఆడపిల్లకు ఇన్నిసార్లు అట్లనే అనడం కొడుకు రాఘవేంద్రప్రసాద్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బూజు పట్టిన చీరలు వేరు చేస్తున్నప్పుడు, ఎండలో వేసి దులిపి శుభ్రం చేయిస్తే అమ్ముకోవచ్చు కదా నాయనా అని కొడుకు మెల్లగా అన్నాడు. "వాటిని కట్టుకునేది కూడా ఎవరి ఇంటి ఆడమనిషో రా" అన్నాడు తండ్రి. ఆ కట్టలు మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు.

ఇక బజారు సంగతి. గార కొట్టే చప్పుడు నాలుగు ఇళ్ళకు వినపడ్డాక రహస్యం ఏం మిగులుతుంది? బాలకృష్ణయ్య ఇంట్లో బూజంట అన్న మాట ఆయన కొట్టుకు చేరేసరికి ఆయనే గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. దాచలేదు. అడిగినవాళ్ళకు అడిగినట్టు గోడ, గొట్టం, చెక్క, మొత్తం చెప్పాడు. పాడైనవి పారేశానని కూడా చెప్పాడు. ఆయన భయపడినట్టు చీరలను ముక్కు దగ్గర పెట్టుకున్నవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. మిగతావాళ్ళు వేరే పనిలో పడ్డారు. బీరువాలు జరిపి వెనక గోడలు చూసుకుంటున్నారు. తన గాలి పడలేదని నవ్విన పాత్రల అంగడాయన ఒక సాయంత్రం జనం లేని వేళ చూసి దగ్గరికొచ్చాడు.

"శెట్టీ, ఆ పిల్ల నంబరు ఒకసారి ఇస్తావా? మా వంటింట్లో ఏదో మరక..."

"అద్దం తగిలించినావా దానిమీద?"

"క్యాలెండరు" అన్నాడు ఆయన సిగ్గుపడుతూ. బాలకృష్ణయ్య కడుపునిండా నవ్వాడు. అంత నవ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో.

గోడ ఎండడానికి పట్టినన్ని రోజులు పట్టింది. కుసుమ రెండుసార్లు వచ్చి ఇంకా కాలేదని తిరిగి వెళ్ళింది. మూడోసారి మీటరు అరవలేదు. ఈలోగా జమ్మలమడుగు నుంచి కన్యకమ్మను తీసుకొచ్చి డాక్టరమ్మకు చూపించారు. ఊపిరి పరీక్ష గొట్టంలో ఊదించి, ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసి, డాక్టరమ్మ తల ఊపింది. వాపు తీసింది. గట్టిపడకముందే బయటపడ్డారు. ఇంటికి పోవచ్చు, కానీ నాలుగు రోజులు జాగ్రత్తగా కనిపెట్టి చూడండి, దగ్గు మళ్ళీ వస్తే ఆలస్యం చేయకండి అని చెప్పింది.

అందుకని ఆమె ఇంటికి వచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కన్యకమ్మ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. దేవుడికి దండం పెట్టుకుంది. గది తలుపు దగ్గర నిలబడి కొత్త గోడను, తెరిచిన కిటికీలోంచి పడుతున్న వెలుతురును చూసి "ఇది మన గదేనా?" అంది. బాలకృష్ణయ్య ఆమె వెనకే తిరుగుతున్నాడు. ఆమె గొంతు సవరించుకుంటే ఆయన అడుగు ఆగిపోతోంది. మజ్జిగ తాగుతుంటే చూస్తున్నాడు. కొట్టుకు పోవయ్యా అంటే పోలేదు. రాఘవేంద్రప్రసాద్ కొట్టు నుంచి రెండుసార్లు ఫోన్ చేసి "ఏమన్నా దగ్గిందా?" అని అడిగాడు. లేదు. మధ్యాహ్నం దాకా లేదు.

వంట వేళయింది. కన్యకమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఉన్నట్టుండి ఖళ్ళున దగ్గింది.

బాలకృష్ణయ్య చేతిలోని పేపరు జారిపోయింది. ఆమె మళ్ళీ దగ్గింది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేట్టు దగ్గింది. అయిపోయింది, అనుకున్నాడు ఆయన. గోడ కాదు. గొట్టమూ కాదు. అంతా చేసింది ఇందుకా? మళ్ళీ బస్సు, మళ్ళీ జమ్మలమడుగు. గోడ పట్టుకుని లేవబోయాడు. లేస్తూ తానూ దగ్గాడు. ఎందుకు దగ్గాడో అర్థం కాలేదు. ఇంకోసారి దగ్గాడు. వంటింట్లోంచి మేఘన దగ్గు వినిపించింది, తెరలు తెరలుగా. వీధిలో పోతున్న కూరగాయలామె కూడా దగ్గుతూ "ఏం తాలింపు పెడతాండారమ్మా, ఊరంతా సచ్చేటట్టుండాదే!" అని అరుస్తూ పోయింది.

ఎండుమిరపకాయలు మాడాయి.

"ఒసే మేఘనా!" కన్యకమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. "ఇల్లనుకున్నావా మిరపకాయల బట్టీ అనుకున్నావా, నూనె అంత కాగినాక ఎవరన్నా మిరపకాయలేస్తారా, నేను నాలుగు దినాలు లేకపోతే వంటంతా మరిచిపోయినారా, ఆ మూకుడు దించి అవతల పెట్టు ముందు, ఈయన చూస్తే గడ్డం గీసుకోకుండా బైరాగి మాదిరి కూచున్నాడు, కొట్టుకు పొమ్మంటే పోడు, నా మొగంలో ఏముందని పొద్దున్నుంచి చూస్తాండావయ్యా, ఆ చొక్కా ఏంది, ఎన్ని దినాలాయ అది ఉతికి, ఇంట్లో మనుషులుండారా లేరా, కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోసే దిక్కు కూడా లేకపాయనా..."

బాలకృష్ణయ్య కదలకుండా నిలబడి విన్నాడు. మాడిన మిరపకాయల ఘాటుకు ఆయన కళ్ళు మండుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. వంటింటి గుమ్మంలో మేఘన గరిటె పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల కూడా వింటున్నది తిట్లను కాదు. ఏడాది తర్వాత మొదటిసారి కన్యకమ్మ మాట ఎక్కడా తెగలేదు. ఊపిరి కోసం ఆగలేదు. ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే దమ్ములో వచ్చింది.

ఇద్దరూ అట్లా చూస్తుంటే కన్యకమ్మకు ఒళ్ళు మండింది. "ఏంది అట్ల చూస్తాండారు?"

"ఏం లేదు" అన్నాడు బాలకృష్ణయ్య. "ఇంగా ఏమన్నా ఉండాదా?"

"ఉండదా? ఇప్పుడే గదా మొదులుపెట్టింది!"

ఆయన కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా వేసుకున్నాడు. కూర్చుని, "అయితే కానియ్యి" అన్నాడు.